పెరట్లోకి తేనెటీగలు మళ్లీ రావాలంటే ఏం చేయాలి?

గుమ్మడి పాదు పందిరంతా అల్లుకుంది. పూలు విరగబూశాయి. పువ్వు వెనక వేలికొసంత పిందె కూడా కనిపించింది. నాలుగు రోజులు తిరిగేసరికి ఆ పిందె పసుపు తిరిగి, మెత్తబడి, చేయి తగిలితే రాలిపోయింది. బలం చాలలేదేమోనని ఎరువు వేస్తాం, నీళ్లు ఎక్కువయ్యాయేమోనని తగ్గిస్తాం, పురుగు పట్టిందేమోనని మందు కొడతాం. నేనూ రెండేళ్లు ఇవన్నీ చేశాను. లోపం అక్కడ లేదు. గుమ్మడిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. తెల్లవారుతుండగా విచ్చుకున్న పువ్వు మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. ఆ కొద్ది గంటల్లో ఎవరో ఒకరు మగపువ్వులోని పుప్పొడిని మోసుకొచ్చి ఆడపువ్వులో దులపాలి. అదీ ఒకసారి కాదు, పలుమార్లు. మోసేవాళ్లు రాలేదు, అందుకే పిందె నిలవలేదు. అడపాదడపా వచ్చే ఒకటి రెండు తేనెటీగలను మందు కొట్టి నేనే చంపుకున్నానని తెలిసిన రోజు నాకు నిజంగా బాధ కలిగింది.

ప్రపంచంలోని ప్రధాన ఆహార పంటల రకాల్లో నాలుగింట మూడు వంతులు ఎంతో కొంత ఇలా కీటకాలు, పక్షులు, గబ్బిలాలు చేసే పరాగసంపర్కం మీద ఆధారపడుతున్నాయని 2016లో అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం తేల్చింది. వాటిలో పెద్ద భారం మోసేది తేనెటీగలే. వాటికి పెరట్లో, మేడ మీద, చివరికి బాల్కనీలో కూడా మనం చేయగలిగింది చాలా ఉంది. ఆ పనులను నేను చేసిన వరుసలోనే చెబుతాను. కొన్ని పూటలో అయిపోతాయి, కొన్నింటికి ఏడాది పడుతుంది.

1. ముందు పది నిమిషాలు కూర్చోండి

ఏదైనా కొనకముందు, నాటకముందు ఈ పని చేయండి. ఎండ పడుతున్న, గాలి ఎక్కువ లేని ఉదయం చూసుకుని బాగా పూసిన మొక్క ఒకటి ఎంచుకోండి. దాని ముందు పది నిమిషాలు కదలకుండా కూర్చుని, పువ్వు మీద ఏమేం వాలాయో కాగితం మీద గీతలు పెట్టుకోండి. పేర్లు తెలియకపోయినా ఫరవాలేదు. ‘చారలది’, ‘నల్లది, లావుది’, ‘చీమంతది, మెరుస్తున్నది’ అని రాసుకుంటే చాలు. తేదీ, వేళ తప్పకుండా రాయండి.

తేనెటీగ అనగానే మనకు తట్టేది పట్టు పెట్టే ఈగ ఒక్కటే. లోకంలో దాదాపు 20,000 రకాల తేనెటీగలున్నాయి. పట్టు పెట్టి తేనె నిల్వ చేసేవి వాటిలో చాలా కొద్ది. మిగిలినవాటిలో అత్యధికం ఒంటరి బతుకువి. వాటికి రాణి లేదు, కూలీలు లేరు. ఒక్క ఆడ ఈగే గూడు తవ్వుకుని, పుప్పొడి ముద్ద చేసి, దాని మీద గుడ్డు పెట్టి, గది మూసి వెళ్లిపోతుంది. పట్టు పెట్టే ఈగ మేత కోసం మూడు కిలోమీటర్లు, అవసరమైతే అంతకు మించీ ఎగరగలదు. చిన్న ఒంటరి ఈగల్లో చాలావాటి లోకం కొన్ని వందల మీటర్లే. మీ పెరడూ పక్కింటి పెరడూ కలిస్తే, దాని బతుకంతా అక్కడే. అందుకే మీరు చేసే చిన్న మార్పు కూడా వాటికి పెద్దది.

2. మందు సీసా పక్కన పెట్టండి

పూలు నాటడం రెండో పని అనుకుంటాం. కాదు. విషం ఉన్న చోటికి పూలు పెట్టి పిలిస్తే, పిలిచి చంపినట్టు అవుతుంది. కాబట్టి ముందు మందు ఆపాలి.

పురుగుమందుల్లో మొక్క పైన పనిచేసేవి కొన్ని, మొక్క లోపలికి ఇంకేవి కొన్ని. రెండో రకంతోనే అసలు ముప్పు. వేరు దగ్గర పోసినా, విత్తనానికి పట్టించినా అది రసంతో పాటు పైకి పాకి ఆకులోకి, పుప్పొడిలోకి, మకరందంలోకి చేరుతుంది. ఈగ వెంటనే చావకపోవచ్చు. దారి మరిచిపోతుంది, గూటికి తిరిగి చేరలేదు. ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయామెథాక్సామ్ ఇటువంటివి. ఈ మూడింటినీ ఆరుబయట పొలాల్లో వాడకుండా యూరోపియన్ యూనియన్ 2018లో నిషేధించింది. మీ ఇంట్లో ఉన్న సీసా మీద చిన్న అక్షరాల్లో ఈ పేర్లున్నాయేమో చదవండి. ఇటువంటి మందు సాయంత్రం కొడితే ఫరవాలేదనుకోవద్దు. అది మొక్కలోనే ఉంటుంది, మర్నాడూ ఉంటుంది, వారాల తరబడీ ఉంటుంది.

నర్సరీలో మొక్క కొనేటప్పుడు ‘దీనికి లోపలికి ఇంకే మందు ఏదైనా పోశారా?’ అని అడగండి. స్పష్టమైన జవాబు రాకపోతే విత్తనం వేసి పెంచుకోవడమే మేలు. ఆలస్యమవుతుంది, కాని మనసు నిబ్బరంగా ఉంటుంది.

మరి పురుగు పడితే? పేనుబంక పట్టిన కొమ్మను వేళ్లతో తుడిచేయండి, లేదా నీళ్ల గొట్టంతో గట్టిగా కొట్టండి. రెండు మూడు రోజులకోసారి చేస్తే అదుపులోకి వస్తుంది. కొంత పేనుబంకను ఉండనివ్వండి కూడా. దాన్ని తినే అక్షింతల పురుగులు వెతుక్కుంటూ వస్తాయి. వాటికి తిండి మిగల్చకుండా అంతా తుడిచేస్తే అవి రావు. బాగా పాడైన ఆకులు తుంచి పారేయండి. ఇవేవీ సరిపోకపోతే సబ్బునీళ్లు గాని వేపనూనె గాని వాడవచ్చు, అయితే పొద్దుగూకి ఈగలు గూళ్లకు చేరాకనే, విచ్చుకున్న పువ్వు మీద చుక్క కూడా పడకుండా. వేపది కదా, ఏమీ కాదులే అని పట్టపగలు పూల మీద కొట్టేవాళ్లను చూశాను. అదీ తప్పే. పొడి మందుల జోలికి అసలు వెళ్లవద్దు. ఆ పొడి ఈగ ఒంటి నూగుకు పుప్పొడిలాగే అంటుకుంటుంది, అది దాన్ని శ్రద్ధగా పోగుచేసి పిల్లలకు తీసుకెళ్తుంది.

3. పూలు ఖాళీ లేకుండా చూడండి

పూలంటే రంగు కాదు, తిండి. మకరందం శక్తికి, పుప్పొడి పిల్లల పెంపకానికి. ఏడాదిలో ఒక నెల విరగబూసి మూడు నెలలు బోసిగా ఉండే తోట ఈగకు ఉపయోగపడదు. ఆ మూడు నెలల్లో అది చచ్చిపోతుంది. కాగితం మీద పన్నెండు నెలల పేర్లు రాసి, మీ దగ్గర ఉన్న ఏ మొక్క ఎప్పుడు పూస్తుందో ఎదురుగా రాయండి. ఖాళీగా ఉన్న నెల కనిపిస్తుంది కదా, మీరు కొత్తగా నాటవలసింది ఆ నెలలో పూసేదాన్నే. పెరడంతా పూలతో నిండిన నెలకు ఇంకో మొక్క చేర్చడం కన్నా, ఖాళీ నెలలో పూసే ఒక్క మొక్క నాటడం ఎక్కువ మేలు.

ఏ మొక్కలు? మీ ప్రాంతపు నేలలో తనంతట తాను పెరిగేవాటికి మొదటి చోటు ఇవ్వండి. అక్కడి ఈగలూ ఆ పూలూ కలిసి పెరిగినవి. ఆ తర్వాత కూరగాయలు, ఆకుకూరలు. నా మాట విని ఒక పని చేయండి: కొత్తిమీర, ఆవాలు, ముల్లంగి, సోంపు, తులసి మొక్కల్లో రెండు మూడింటిని కోయకుండా వదిలేయండి. అవి పూతకు రానివ్వండి. పూసిన కొత్తిమీర చూడటానికి ఏమంత అందంగా ఉండదు, కాని సన్నటి తెల్లపూల మీద చీమంత ఈగలు గుంపులుగా తిరుగుతాయి. తులసి వెన్నుల దగ్గరైతే పొద్దంతా ఝుంకారమే. పొద్దుతిరుగుడు రెండు నిలిపినా చాలు, ఒక్కో పువ్వులో వందల చిన్న పూలుంటాయి, అవి బయటి వరుస నుంచి లోపలికి రోజుకు కొన్ని చొప్పున విచ్చుకుంటాయి.

ముద్దపూలతో జాగ్రత్త. ముద్దబంతి, ముద్దమందారం చూపులకు బాగుంటాయి. వాటిలో పుప్పొడినిచ్చే భాగాలే రేకులుగా మారిపోయాయి. తేనె ఉన్నా దట్టమైన రేకుల మధ్య ఈగ మూతి అందదు. రేకబంతి, ఒంటిరేకు మందారం నాటండి. పువ్వు నడుమ కేసరాలు మీ కంటికి కనిపిస్తే ఈగకూ అందుతాయని గుర్తు.

రంగు విషయానికొస్తే, తేనెటీగలు రంగులను గుర్తుపడతాయని ప్రయోగాలతో నిరూపించినవాడు కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్త. మేత ఎక్కడుందో ఈగలు నాట్యం చేసి తోటివాటికి చెప్పే భాషను కూడా చదివిన ఆయనకు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈగకు ఎరుపు రంగుగా కనిపించదు. మనకు కనిపించని అతినీలలోహిత కాంతి మాత్రం దానికి కనిపిస్తుంది. మనకు సాదా పసుపుగా తోచే పువ్వులో దానికి మధ్యలోకి దారి చూపే గీతలు కనిపిస్తాయి. నీలం, ఊదా, పసుపు, తెలుపు పూలు దాన్ని బాగా పిలుస్తాయి.

ఒకే మొక్కను అక్కడొకటి ఇక్కడొకటి కాకుండా, ఒకేచోట గుంపుగా నాటండి. వీలైతే మీటరు పొడవు, మీటరు వెడల్పు మడి. పట్టు పెట్టే ఈగ ఒకసారి బయల్దేరిందంటే సాధారణంగా ఒకే రకం పువ్వు మీద తిరుగుతుంది. పది అడుగులకో పువ్వు ఉంటే దాని శ్రమంతా ఎగరడానికే సరిపోతుంది. చోటు లేనివాళ్లు ఒకే రకానివి మూడు నాలుగు కుండీలు దగ్గరగా చేర్చినా ఫలితం ఉంటుంది.

టమాటా, వంగ పెంచేవాళ్లకు ఒక సంగతి. వీటి పుప్పొడి తిత్తులు మిరియాల డబ్బాలాంటివి, కొసన చిన్న రంధ్రం మాత్రమే ఉంటుంది. పట్టు పెట్టే ఈగ వాలినా పుప్పొడి బాగా రాలదు. నల్లటి లావుపాటి తుమ్మెద, మరికొన్ని ఒంటరి ఈగలు పువ్వును కాళ్లతో వాటేసుకుని, రెక్కలు కదపకుండా ఛాతీ కండరాలను మాత్రం అదరగొడతాయి. ‘జుమ్’మని ఒక్క క్షణం గట్టిగా మోగుతుంది, పొడి జలజల రాలి దాని పొట్ట మీద పడుతుంది. ఒకసారి దగ్గర నిలబడి వినండి. మామూలు ఎగిరే చప్పుడు కన్నా అది సన్నటి, పదునైన శ్రుతి. అటువంటి ఈగ మీ పెరట్లో లేకపోతే టమాటా గెలను వేలితో మెల్లగా మీటండి, కొంతవరకు పనవుతుంది. గుమ్మడికైతే పొద్దున్నే మగపువ్వు తెంచి, రేకులు తీసేసి, దాని కేసరాన్ని ఆడపువ్వు మధ్యలో రుద్దండి. ఈగలు తిరిగి వచ్చేదాకా ఈ ఉపాయంతో కాయలు నిలబడతాయి.

4. కొంత నేలను ముట్టుకోకండి

చాలామంది పూల దగ్గరే ఆగిపోతారు. తిండి పెట్టి ఇల్లు లేకుండా చేస్తే ఎవరుంటారు? తేనెటీగ జాతుల్లో దాదాపు 70 శాతం నేలలోనే గూడు తవ్వుకుంటాయి. మనమేమో పెరడంతా సిమెంటు చేస్తాం, మిగిలిన చోట రాళ్లో, పట్టానో, దట్టంగా ఆకులో పరుస్తాం, అదీ లేకపోతే నెలకోసారి గొప్పు తవ్వుతాం. వాటికి కావలసింది ఎండ తగిలే, నీరు నిలవని, గడ్డి పలుచగా ఉన్న వట్టి మట్టి. రెండు చాపలంత చోటు చాలు. అక్కడ తవ్వవద్దు, ఏమీ పరచవద్దు. కొంచెం వాలుగా ఉంటే ఇంకా మంచిది.

కొన్నాళ్లకు పెన్సిలు దూరేంత రంధ్రం, చుట్టూ చిన్న మట్టి కుప్ప కనిపించవచ్చు. చీమల పుట్టేనని మందు చల్లకండి. కాసేపు చూడండి. కాళ్లకు పసుపుపచ్చటి పొడి పూసుకుని ఒక ఈగ నేరుగా వచ్చి అందులోకి దూరుతుంది.

ఎండిన కొమ్మలను, ఎండిపోయిన మొక్కల బోలు కాడలను కూడా అన్నీ ఊడ్చి కాల్చేయకండి. తుమ్మెదలు ఎండు కలపను తొలిచి గూడు పెడతాయి. ఒక మూలన పాత దుంగ ఒకటి, మోకాలెత్తున కోసి వదిలిన కాడలు కొన్ని ఉండనివ్వండి. ఇంటికొచ్చినవాళ్లు ‘పెరడు శుభ్రం చేయలేదా?’ అని అడగవచ్చు. ఎందుకు వదిలారో చెప్పండి. అలా చెప్పినందుకే నా ఎరుకలో రెండిళ్లవాళ్లు తమ పెరట్లో ఒక మూల వదిలారు.

కలుపు అని పీకేసే మొక్కల్లో గడ్డిచామంతి, తుమ్మి వంటివి ఈగలకు మంచి మేత. పూత అయ్యాక పీకండి, అంత తొందర లేదు.

5. గొట్టాల గూడు కట్టండి

ఇది పిల్లలతో కలిసి చేయదగ్గ పని. వెదురు ముక్కలు తీసుకుని, ఒక చివర కణుపు మూసి ఉండేలా, 15 సెంటీమీటర్ల పొడవున కోయండి. రంధ్రం 3 నుంచి 10 మిల్లీమీటర్ల లోపు రకరకాలుగా ఉండాలి, ఎందుకంటే ఈగలూ రకరకాల సైజుల్లో ఉంటాయి. కోసిన అంచును గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. పీచు మిగిలితే రెక్కలు చిరుగుతాయి. ఇరవై ముప్పై గొట్టాలను కట్టగా బిగించి, వాన పడకుండా పైన చూరు ఉన్న పెట్టెలో పెట్టి, మీటరు పైన, ఉదయపు ఎండ తగిలే గోడకు ఊగకుండా బిగించండి. మధ్యాహ్నపు ఎండ మండిపోయే చోటైతే ఆ వేళకు నీడ పడేలా చూడండి. లోపల పిల్లలు ఉడికిపోతాయి.

గొట్టం పొడవు ఎందుకంత ముఖ్యమంటే, ఈ ఈగల్లో చాలావరకు ఆడపిల్లలయ్యే గుడ్లను లోపలి వైపు, మగవాటిని గుమ్మం వైపు పెడతాయి. గొట్టం పొట్టిదైతే ఆడవి తగ్గిపోతాయి, మరుసటి ఏడు గూడు కట్టేవాళ్లు ఉండరు.

గొట్టం నోరు మట్టితో మూసి ఉంటే ఒక రకం ఈగ, జిగురుతో మూస్తే మరొకటి, పచ్చటి ఆకు బిళ్లలతో మూస్తే ఆకులు కత్తిరించే ఈగ వచ్చిందన్నమాట. ఈ మూడోదాని గురించి చెప్పాలి. మా గులాబీ ఆకుల అంచున నాణెం పెట్టి కోసినట్టు గుండ్రటి కోతలు కనిపించాయి. గొంగళి పురుగనుకున్నాను. ఒకరోజు కళ్లారా చూశాను: బూడిదరంగు ఈగ ఆకు అంచున వాలి, తన చుట్టూ తాను తిరుగుతూ దవడలతో కత్తిరించి, ముక్క తెగే క్షణానికి రెక్కలాడించి, దాన్ని పొట్ట కింద చుట్టి పట్టుకుని ఎగిరిపోయింది. కోడిగుడ్డు ఆకారపు ముక్కలు గది గోడలకు, గుండ్రటివి మూతకు. గులాబీకి దానివల్ల ఏ నష్టమూ లేదు. ఇప్పుడు కోతలున్న ఆకు కనిపిస్తే సంతోషం వేస్తుంది.

అంగళ్లలో దొరికే పెద్ద గూళ్లు చాలావరకు అలంకారమే. గొట్టాలు పొట్టివి, వెనక తెరిచి ఉన్నవి, లేదా వందలుగా ఒక్కచోట ఇరికించినవి. అంత రద్దీలో నల్లులాంటి చిన్న పురుగులు, ఈగల గూట్లో తమ గుడ్లు పెట్టే కందిరీగలు చేరతాయి. చిన్న గూళ్లు రెండు మూడు చోట్ల పెట్టండి. ఈగలు బయటికి వచ్చి ఖాళీ అయిన గొట్టాలను ఏడాదికోసారి తీసి కొత్తవి పెట్టండి. ఈ పని చేయలేమనుకుంటే గూడు పెట్టకపోవడమే మంచిది, వట్టి మట్టి చోటు చాలు.

6. నీళ్లు

వెడల్పాటి మట్టి మూకుడులో గులకరాళ్లు పోసి, రాళ్ల తలలు పైకి తేలేంత నీళ్లు పోయండి. ఈగ రాయి మీద వాలి తాగుతుంది, లోతు నీళ్లలో మునిగిపోతుంది. రెండు రోజులకోసారి మార్చండి, దోమలు పెరగవు. ఎండలు ముదిరినప్పుడు పట్టులోని ఈగలు నీళ్లు మోసుకెళ్లి చల్లి, రెక్కలతో విసిరి పట్టును చల్లబరుస్తాయి. అప్పుడు మూకుడు ఎండనివ్వకండి.

7. మంచి చేయబోయి చేసే పొరపాట్లు

తేనెటీగల పెట్టె కొని పెట్టడం మొదటిది. తేనె కోసం పెంచుకోవాలంటే శిక్షణ తీసుకుని పెంచుకోండి, అది వేరే పని. ఈగలను కాపాడటానికి మాత్రం పెట్టె మార్గం కాదు. వేలాది ఈగలు ఒక్కసారిగా దిగితే అక్కడి ఒంటరి ఈగలకు మేత తగ్గుతుంది, రోగాలూ అంటవచ్చు.

రెండోది, తేనె తినిపించడం. వేరే పట్టు తేనెలో అమెరికన్ ఫౌల్ బ్రూడ్ అనే రోగపు బీజాలుండవచ్చు. అవి దశాబ్దాల పాటు బతికి ఉంటాయి, ఒక పట్టు నుంచి ఇంకో పట్టుకు చేరితే పిల్లపురుగులన్నీ కుళ్లిపోతాయి. నేల మీద సోలిపోయిన ఈగ కనిపిస్తే ముందు పువ్వు మీదికి ఎక్కించండి. పువ్వు లేకపోతే రెండు వంతుల పంచదార, ఒక వంతు నీళ్లు కలిపి ఒక్క చుక్క దాని ముందుంచండి. రోజూ పంచదార నీళ్లు పెట్టడం అలవాటు చేయవద్దు.

కుడతాయన్న భయం

ఇది అందరూ అడిగేదే. ఒంటరి ఈగలకు కాపాడుకోవలసిన పట్టు లేదు, చేత్తో నలిపితే తప్ప కుట్టవు. మగ ఈగలకు ముల్లే ఉండదు. పట్టు పెట్టేవి పువ్వు మీద ఉన్నప్పుడు మన జోలికి రావు. పట్టు దగ్గర మాత్రం దూరంగా ఉండాలి. కొమ్మకు గుంపుగా ఈగలు వేలాడుతూ, మధ్యలో పట్టు కనిపించకపోతే అది ఇల్లు మారుతున్న గుంపు. చాలాసార్లు కొన్ని గంటల్లో, లేదంటే ఒకటి రెండు రోజుల్లో తనంతట తనే వెళ్లిపోతుంది. పొగ పెట్టడం, నిప్పు పెట్టడం, నీళ్లు కొట్టడం చేయకండి. మనుషులు తిరిగే దారిలో ఉంటే తేనెటీగలు పెంచేవాళ్లను పిలిపించండి. ఎవరికైనా కుడితే ముల్లును గోటితో వెంటనే గీకి తీసేయండి. మొహం వాచినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎన్నాళ్లకు కనిపిస్తుంది?

మందు ఆపిన కొన్ని వారాల్లోనే పూల దగ్గర కదలిక పెరుగుతుంది. గూళ్ల విషయంలో ఓపిక కావాలి. మా గొట్టాలు మొదటి ఏడు సాలీళ్లకే ఇల్లయ్యాయి. రెండో ఏడు మూడింటికి మట్టి మూత పడింది. మొదటి రోజు రాసుకున్న కాగితం దాచారు కదా, ఏడాది తిరిగాక అదే నెలలో, అదే మొక్క ముందు, అదే వేళకు మళ్లీ పది నిమిషాలు కూర్చుని గీతలు పెట్టండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. కొత్త రకం కనిపించిందా, ఏ మొక్క మీద ఎక్కువ వాలాయి అన్నది చూసుకుని వచ్చే ఏడు ఏం నాటాలో నిర్ణయించుకోండి.

సాయంత్రం చీకటి పడేముందు ఎండిన కాడలను కూడా ఒకసారి పరిశీలించండి. కొన్ని జాతుల్లో మగ ఈగలకు గూడు ఉండదు. అవి కాడను దవడలతో గట్టిగా కరిచి పట్టుకుని, కాళ్లు ముడుచుకుని, వరుసగా అలాగే నిద్రపోతాయి. అలా కనిపిస్తే ఆ కాడను తెల్లారేదాకా కదపకండి.